ట్రాక్టరు లైట్ల స్విచ్చి వేడెక్కుతోందా? రిలే పెట్టించుకోండి

సార్వా కోతలు మొదలయ్యాయంటే ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ట్రాక్టర్లకు రాత్రీ పగలూ తేడా ఉండదు. పగలు నూర్పిడి, చీకటి పడ్డాక బస్తాల తోలకం, ఆ తర్వాత గడ్డి లోడు. దాళ్వా దమ్ములైతే లైట్ల వెలుతురులోనే సగం అవుతాయి. కొల్లేరు వైపు కైకలూరు, మండవల్లి, ఆకివీడు దిక్కున చేపల పట్టుబడి ఉన్న రోజున తెల్లవారకముందే బండి గట్టు మీదికి చేరాలి. ఇన్ని గంటలు లైట్లు వెలుగుతుంటే ఆ కరెంటంతా మోసేది ఏమిటో ఎప్పుడైనా చూశారా? చాలా పాత ట్రాక్టర్లలో, పాత చిన్న లారీల్లో అది స్టీరింగు దగ్గర ఉండే వేలెడంత స్విచ్చి, దాని వెనక సన్నని తీగలు. అంతే.

స్విచ్చి మీద చెయ్యి పెడితే వేడిగా తగలడం, ప్లాస్టిక్కు కమిలిన వాసన రావడం, లైట్లు మందగించి స్విచ్చిని కాస్త కదిపితే మళ్లీ వెలగడం, తీగ మీది తొడుగు గోధుమ రంగుకు తిరిగి వంచితే పెళుసుగా విరగడం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ సీజను గడిచేదాకా ఆగకండి. కొల్లేరు చెరువు గట్టు మీద ఒక పక్క చెరువు, ఇంకో పక్క కాలువ. బండి వెడల్పుకు మించి జాగా ఉండదు. అలాంటి చోట మలుపులో లైట్లు ఒక్కసారిగా ఆరిపోతే డ్రైవరు చేయగలిగింది ఏమీ లేదు. గడ్డి లోడు ఉన్న బండికైతే ఇంకో ప్రమాదం, నిప్పు.

బోదెలో కాలువ నీరు

తీగలో కరెంటు పోవడం పంట బోదెలో నీరు పారడం లాంటిదే. బోదె వెడల్పును బట్టే నీరు. ఏలూరు కాలువలో పారే నీటిని పంట బోదెలోకి వదిలితే గట్టు నిలుస్తుందా? తీగలో గట్టు తెగడం ఉండదు, దానికి బదులు వేడి పుడుతుంది.

లెక్క చూద్దాం. 12 వోల్టుల బండిలో మామూలు హాలోజన్ బల్బు బ్రైటుకు 60 వాట్లు, డిమ్ముకు 55 వాట్లు. 60ని 12తో భాగిస్తే 5 ఆంపులు. రెండు బల్బులకు 10 ఆంపులు. ఈ 10 ఆంపులూ బ్యాటరీ నుంచి బయలుదేరి, తాళంచెవి స్విచ్చి, లైటు స్విచ్చి, డిమ్ము స్విచ్చి అన్నీ దాటి మళ్లీ ముందుకు లైట్ల దగ్గరికి రావాలి. దారి పొడవునా ఒక చదరపు మిల్లీమీటరు తీగ ఉందనుకోండి. అలాంటి రాగి తీగకు మీటరుకు 0.017 ఓముల నిరోధం ఉంటుంది. అయిదు మీటర్ల దారికి, 10 ఆంపులకు తీగలోనే 0.8 వోల్టుకు పైగా పోతుంది. స్విచ్చిల్లో కొంత, క్లిప్పుల్లో కొంత, ఎర్తులో కొంత కలిస్తే పాత బండిలో ఒకటిన్నర వోల్టు పోవడం వింతేమీ కాదు.

పోయిన వోల్టేజీకి లైటు మీద పడే దెబ్బ దానికి మించి ఉంటుంది. ఫిలమెంటు బల్బుకు వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుతురు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. బల్బు పసుపుపచ్చగా వెలుగుతున్న బండ్లు చూస్తూనే ఉంటాం. వాటిలో చాలా వాటికి బల్బుది తప్పు కాదు. దారిలో పోతోంది.

అసలు వేడి పుట్టేది స్విచ్చి లోపలి పాయింట్ల దగ్గర. వేసినప్పుడల్లా, తీసినప్పుడల్లా అక్కడ చిన్న నిప్పురవ్వ లేస్తుంది. ఏళ్ల తరబడి అలా లేచి పాయింట్లు గుంతలు పడతాయి, నల్లబడతాయి. ఆ ఒక్క చోట పదో వంతు ఓము నిరోధం ఏర్పడితే చాలు, 10 ఆంపులకు అక్కడ 10 వాట్ల వేడి పుడుతుంది. పెరుగుదల మామూలుగా ఉండదు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. వెలుతురు చాలడం లేదని 100/90 వాట్ల బల్బులు వేయించారనుకోండి, కరెంటు 16 ఆంపులు దాటుతుంది. అదే పాయింటు దగ్గర వేడి 28 వాట్లకు చేరుతుంది. రేడియో రిపేరు షాపులో సీసం కరిగించే సోల్డరింగు ఇనుము 25 వాట్లదే. దాన్ని తీసుకొచ్చి ప్లాస్టిక్కు స్విచ్చిలో పెట్టి గంటల తరబడి బండి నడిపినట్టన్నమాట.

"ఫ్యూజు ఉంది కదండీ" అంటారు చాలామంది. ఫ్యూజు కాపాడేది తీగలు ఒకదానికొకటి తగిలి కరెంటు ఒక్కసారిగా ఎక్కువ పారినప్పుడు. ఇక్కడ కరెంటు ఎక్కువ పారడం లేదు. ఇంకా చెప్పాలంటే పాయింటు పాడైన కొద్దీ కొంచెం తక్కువే పారుతుంది. అందుకే స్విచ్చి కరిగి కారుతున్నా ఫ్యూజు నిక్షేపంగా ఉంటుంది. ఇది మనసులో పెట్టుకోండి.

రిలే అంటే మీ మోటారు స్టార్టరే

రిలే కొత్త వస్తువేమీ కాదు. 1830ల్లో టెలిగ్రాఫు కోసం కనిపెట్టిన పరికరం. దూరం పోయి నీరసించిన కరెంటుతో ఇంకో తాజా కరెంటును ఆడించడానికి వాడారు. టపా గుర్రాలను మజిలీ మజిలీకి మార్చినట్టు అన్నమాట, పేరు కూడా అక్కడి నుంచి వచ్చిందే.

బోరు దగ్గర మోటారు స్టార్టరు రైతులందరికీ తెలుసు. పచ్చ బటను నొక్కితే మోటారుకు పోయే కరెంటు ఆ బటను గుండా పోతుందా? పోదు. బటను లోపలి కాయిలుకు కాస్త కరెంటు ఇస్తుంది, కాయిలు అయస్కాంతమై పట్టీని లాగుతుంది, పెద్ద పాయింట్లు కలిసి మోటారుకు కరెంటు పోతుంది. నో వోల్టు కాయిలు కాలిపోయిందని మీరు మార్పించేది దీన్నే. రిలే ఇదే పని చేస్తుంది, అగ్గిపెట్టె కంటే చిన్న డబ్బాలో. దాని కాయిలుకు పావు ఆంపు కూడా అక్కర్లేదు. అంటే స్టీరింగు దగ్గరి స్విచ్చి 10 ఆంపులు మోయడం మానేసి, పావు ఆంపుకు లోపు మోస్తుంది. లైట్లకు కరెంటు బ్యాటరీ నుంచి లావు తీగలో, దగ్గరి దారిలో పోతుంది. స్విచ్చి ఆయుష్షు పెరుగుతుంది, వెలుతురూ పెరుగుతుంది. ఒకే పనితో రెండూ.

కొత్త బండ్లలో చాలా వాటికి కంపెనీ నుంచే రిలేలు వస్తున్నాయి. ముందు మీ ఫ్యూజు డబ్బా మూత తీసి చూడండి. మూత లోపలి బొమ్మలో హెడ్‌లైటు రిలే ఉంటే ఈ పని మీకు అవసరం లేదు. లైట్లను కంప్యూటరు పెట్టె నడిపే ఈ కాలపు బండ్లలో తీగలు అసలు కోయకండి.

ముందు కొలిపించండి

రిలే పెట్టించే ముందు వోల్టేజీ ఎక్కడ పోతోందో కొలిపించాలి. మల్టీమీటరు ప్రతి ఆటో ఎలక్ట్రికల్ షాపులోనూ ఉంటుంది. ఇంజను నడుస్తూ, లైట్లు బ్రైటులో వెలుగుతూ ఉండాలి. మీటరు ఒక ముల్లు బ్యాటరీ ప్లస్సు మీద, రెండోది బల్బు వెనక బ్రైటు పిన్ను మీద పెట్టాలి. అరవోల్టు లోపు చూపిస్తే ఫర్వాలేదు. ఒక వోల్టు దాటితే దారి పాడైంది. తర్వాత బ్యాటరీ మైనస్సుకూ బల్బు ఎర్తు పిన్నుకూ మధ్య కొలవాలి. ఇక్కడ 0.2 వోల్టు దాటకూడదు. దాటితే ముందు ఎర్తు బాగు చేయించండి, సగం జబ్బు అక్కడే కుదరవచ్చు.

ఒక్క మాట. బల్బు ఊడదీసి ఖాళీ సాకెట్టులో కొలిచి "ఫుల్లు 12 ఉందండీ, తీగలు బాగున్నాయి" అనే మేస్త్రీలు ఉన్నారు. కరెంటు పారనప్పుడు వోల్టేజీ ఎక్కడా పోదు. షట్టరు మూసిన కాలువలో నీరు నిండుగానే కనిపిస్తుంది. బల్బు వెలుగుతుండగా కొలిస్తేనే కొలత.

సామాను

బండి 12 వోల్టులదైతే 12 వోల్టుల రిలేలు, పెద్ద లారీ 24 వోల్టులదైతే 24వి. ఇది తారుమారైతే 12 వోల్టుల రిలే కాయిలు 24లో కాలిపోతుంది. డిమ్ముకు ఒకటి, బ్రైటుకు ఒకటి, మొత్తం రెండు, 30 లేదా 40 ఆంపులవి. వాటికి సాకెట్లు, రెండు ఫ్యూజు హోల్డర్లు, రెండింటికీ 15 ఆంపుల ఫ్యూజులు. తీగ రెండున్నర చదరపు మిల్లీమీటర్ల ఆటో వైరు. ఇళ్లకు వాడే ఒంటి పోగు వైరు వద్దు, బండి అదురుకు విరుగుతుంది. సన్నపోగులు మెలివేసిందే కావాలి. కాయిలు తీగలకు ఒక మిల్లీమీటరుది చాలు. బల్బు సాకెట్లు కమిలి ఉంటే పింగాణీవి వేయించండి. సామాను, కూలీ కలిపినా ఒక కొత్త టైరు ధరలో చిన్న వంతు. రిలే దగ్గర మాత్రం చౌక బేరం చూడకండి. లోపలి పాయింట్లు పలచగా ఉంటే స్విచ్చిలో ఉన్న జబ్బు రిలేలోకి మారుతుంది, అంతే తేడా.

కలిపే పద్ధతి

మేస్త్రీ చేసినా పక్కన నిలబడి చూడండి. రేపు రాత్రి పొలంలో ఆగిపోతే చూసుకోవలసింది మీరే.

ముందు బ్యాటరీ మైనస్సు తీగ ఊడదీయాలి. రిలే అడుగున అంకెలు ఉంటాయి: 30, 87, 85, 86. జర్మనీ వాళ్లు పెట్టిన ఈ అంకెలే ఇప్పుడు మన షాపుల్లోనూ దొరుకుతాయి. 30కి బ్యాటరీ నుంచి కరెంటు వస్తుంది. 87 నుంచి లైటుకు పోతుంది. 85, 86 కాయిలువి.

బ్యాటరీ ప్లస్సు నుంచి రెండు లావు తీగలు బయలుదేరాలి. బ్యాటరీకి జానెడు దూరంలోనే ఒక్కొక్క దానికి ఫ్యూజు పెట్టాలి. ఫ్యూజును దూరంగా రిలే పక్కన పెట్టడం చూస్తుంటాం. అలా పెడితే బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య తీగ ఇనుముకు రాసుకుని తెగితే ఆపేది ఏదీ ఉండదు. ఆ తీగ నేరుగా నిప్పే. ఫ్యూజు దాటాక ఒక తీగ మొదటి రిలే 30కి, రెండోది రెండో రిలే 30కి.

ఇంతకుముందు బల్బు సాకెట్టులోకి వచ్చే పాత తీగలు ఉన్నాయి కదా. ఒక పక్క సాకెట్టులోని డిమ్ము తీగను మొదటి రిలే 86కు, బ్రైటు తీగను రెండో రిలే 86కు కలపాలి. రెండు రిలేల 85లనూ ఎర్తుకు కలపాలి. కొన్ని రిలేల లోపల డయోడు ఉంటుంది, వాటిలో ప్లస్సు 86కే రావాలి, తిప్పి కలిపితే పాడవుతుంది. రెండో పక్క సాకెట్టుకు వచ్చే పాత తీగల కొసలను టేపు చుట్టి వదిలేయక, స్లీవు వేసి మూసి గట్టిగా కట్టాలి. వాటిలో కరెంటు ఇంకా వస్తుంటుంది.

మొదటి రిలే 87 నుంచి రెండు లైట్ల డిమ్ము పిన్నులకూ, రెండో రిలే 87 నుంచి రెండు లైట్ల బ్రైటు పిన్నులకూ లావు తీగలు వేయాలి. ఒక్కో బల్బు ఎర్తు పిన్ను నుంచి అంతే లావు తీగ ఛాసిస్‌కు గానీ, ఇంకా మంచిది బ్యాటరీ మైనస్సుకు గానీ పోవాలి. ప్లస్సు తీగ లావుగా వేసి ఎర్తుకు పాత సన్న తీగ వదిలేస్తే పని సగమే జరిగినట్టు. లోపలికి వచ్చినంత కరెంటూ బయటికి పోవాలి కదా.

ఇలా రెండు రిలేలకు రెండు ఫ్యూజులు ఉంటే డిమ్ము ఫ్యూజు పోయినా బ్రైటు ఉంటుంది, బ్రైటు పోయినా డిమ్ము ఉంటుంది. గట్టు మీద చీకట్లో నిలబడిపోయే పరిస్థితి రాదు. ఒకే ఫ్యూజుతో సరిపెడతానంటే ఒప్పుకోవద్దు.

షాపులో అయిదు కాళ్ల రిలే ఇస్తే మధ్యలో 87ఏ అనే కాలు ఉంటుంది. రిలే ఆగి ఉన్నప్పుడు దానికి కరెంటు వస్తుంది. దాన్ని ఖాళీగా వదిలి సాకెట్టులో మూసి ఉంచాలి. కొన్ని చిన్న వ్యాన్లలో లైటుకు ప్లస్సు ఎప్పుడూ ఉండి, స్విచ్చి ఎర్తు వైపు కలుపుతుంది. అలాంటి బండిలో కాయిలు కలిపే తీరు వేరు. టెస్టు ల్యాంపుతో ముందు చూసుకోమని మేస్త్రీకి గుర్తు చేయండి.

నీరు, చిలుము, ఎలుకలు

మన ప్రాంతానికి ప్రత్యేకమైన శత్రువులు ఇవి. దమ్ములో బురద నీళ్లు ఇంజను దాకా చిందుతాయి. చేపల బండిలో ట్రేల నుంచి ఐసు నీళ్లు రాత్రంతా కారుతూనే ఉంటాయి. ఉప్పుటేరు దగ్గరి ఊళ్లలో గాలిలోనే ఉప్పదనం. రాగి తీగ కొసకు పచ్చటి చిలుము పట్టిందంటే అక్కడ నిరోధం పెరిగినట్టే, మళ్లీ వేడి మొదలైనట్టే.

అందుకే రిలేలను కాళ్లు కిందికి ఉండేలా, ఎత్తుగా, సైలెన్సరుకు దూరంగా బిగించాలి. తీగలు పై నుంచి రిలేలోకి దిగితే తీగ వెంట నీరు జారి లోపలికి పోతుంది. కింది నుంచి వంపు తిరిగి పైకి ఎక్కితే నీరు వంపు దగ్గరే కారిపోతుంది. అతుకులు మెలిపెట్టి టేపు చుట్టే పద్ధతి మానుకోండి. లగ్గు వేసి, పట్టకారుతో కాక దానికోసం ఉండే పనిముట్టుతో నొక్కించి, వేడికి బిగుసుకునే స్లీవు తొడిగించాలి. ఎర్తు బోల్టు కింద పెయింటు గీకి తెల్లటి ఇనుము కనిపించాకే బిగించాలి. పైన కాస్త వాజలీను పూస్తే చిలుము పట్టదు. రేకు కన్నంలోంచి తీగ పోయే ప్రతి చోటా రబ్బరు బుష్ ఉండాలి.

ఎలుకల సంగతి రైతుకు ఒకరు చెప్పాలా? గడ్డిమేటు పక్కన షెడ్డులో నెలల తరబడి నిలిపిన ట్రాక్టరులో తీగల తొడుగు కొరికేస్తాయి. తీగలను గట్టి ముడతల గొట్టంలోకి పంపితే కొంత నయం. అంతకన్నా సులువైనది, బండి చాలా రోజులు నిలిపేటప్పుడు బ్యాటరీ మైనస్సు తీసేయడం. బ్యాటరీ దగ్గర మెయిన్ స్విచ్చి ఒకటి పెట్టించుకుంటే ఆ పని చిటికెలో అవుతుంది. ఎక్కడైనా పొగ కనిపించినా ముందు చెయ్యి పోవాల్సింది ఆ స్విచ్చి మీదికే.

పెద్ద బల్బులు, ఎల్ఈడీలు

రిలే పెట్టించాం కదా, ఇక 100 వాట్లు వేసేద్దామనుకుంటే పొరపాటు. తీగ మోస్తుంది గానీ సాకెట్టు, అద్దం మోయవు. లైటు గిన్నె లోపలి మెరుపు పూత కమిలిపోతుంది. ఎదుటివాడి కళ్లు మూసుకుపోతాయి. ఈ రోడ్ల మీద ఎదురుగా వచ్చేది సైకిలు మీద పొలం నుంచి ఇంటికి పోయే మన మనిషే. కంపెనీ పెట్టిన వాటేజీ దాటించడం నిబంధనలకు కూడా విరుద్ధం. ప్రమాదం జరిగితే బీమా దగ్గర పేచీ వస్తుంది. 60/55 బల్బుకు పూర్తి వోల్టేజీ అందితే వచ్చే వెలుతురు చూశాక 100 వాట్ల ఊసు ఎత్తరు.

ఎల్ఈడీ బల్బు తక్కువ కరెంటు తాగుతుంది, స్విచ్చి వేడి తగ్గుతుంది, నిజమే. కానీ హాలోజన్ కోసం చేసిన గిన్నెలో ఎల్ఈడీ పెడితే వెలుగు పడాల్సిన చోట పడక చెల్లాచెదురవుతుంది. మంచు పట్టిన తెల్లవారుజామున జాతీయ రహదారి మీద అది మనకూ మంచిది కాదు, ఎదుటివారికీ కాదు.

దమ్ముకు వెనక వైపు పెట్టుకునే పనిలైటుకు 55 వాట్లైతే నాలుగున్నర ఆంపులకు పైగా కావాలి. దాన్ని హెడ్‌లైటు తీగకు గానీ, టెయిల్ లైటు తీగకు గానీ అతికించవద్దు. దానికి వేరే ఫ్యూజు, వేరే రిలే, వేరే స్విచ్చి. మొత్తం లైట్ల వాట్లు కూడి 12తో భాగించి చూసుకోండి. ఆ ఆంపులు డైనమో మీద రాసి ఉన్న అంకెకు బాగా లోపే ఉండాలి. లేకపోతే తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోయి బండిని నెట్టాల్సి వస్తుంది.

ట్రక్కు వెనక లైట్లు

ట్రాక్టరుకు ఎంత ఖర్చుపెట్టినా ట్రక్కు వెనక చీకటిగా వదిలేసే అలవాటు మనకుంది. ధాన్యం బస్తాల ట్రక్కు చీకట్లో రోడ్డు పక్కన ఆగి ఉంటే వెనక నుంచి వచ్చే మోటారు సైకిలుకు అది గోడ. టెయిల్ బల్బుకు 5 వాట్లు, బ్రేకు లైటుకు, ఇండికేటరుకు 21 వాట్ల చొప్పున కావాలి. ఇది పెద్ద బరువేమీ కాదు, దీనికి రిలే అక్కర్లేదు. కావాల్సింది ఏడు పిన్నుల మంచి సాకెట్టు, ట్రక్కుకు సొంతంగా ఒక ఎర్తు తీగ. కొక్కెం ఇనుము ద్వారానే ఎర్తు అందుతుందని వదిలేస్తే, గ్రీజు, తుప్పు మధ్య లైట్లు మినుకుమంటూ ఉంటాయి. బ్రేకు నొక్కితే ఇండికేటరు వెలిగే వింత కూడా ఇందుకే జరుగుతుంది. తీగ కొక్కెం దగ్గర మలుపుకు సరిపడా వదులుగా ఉండాలి, నేలకు రాసుకునేంత వదులు మాత్రం కాదు. గడ్డి లోడు వేసినప్పుడు లైట్లను గడ్డి కప్పేయకుండా చూసుకోండి, కప్పితే బల్బు వేడికి గడ్డి అంటుకునే ప్రమాదమూ ఉంది. వెనకా పక్కలా ఎర్ర, పసుపు రిఫ్లెక్టరు స్టిక్కర్లు అంటించండి, వాటికి తీగా బ్యాటరీ అక్కర్లేదు. ట్రక్కు విప్పినప్పుడు సాకెట్టుకు మూత వేయండి. మూత ఊడిపోయి ఉంటే పాత సైకిలు ట్యూబు ముక్క కట్టినా చాలు.